చప్పుడు లేని బండి

వానలు మొదలైన వారంలోనే మా ఆయన బండి మాట ఎత్తారు. మామూలు కారు కాదు. లోపల మంచం, పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి అన్నీ ఉండే వ్యాను. ఎక్కడ పొద్దు గూకితే అక్కడ ఆపుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, తెల్లారాక మళ్లీ బయలుదేరే రకం. మలేషియాలో మా సుంగై సిపుట్ రోడ్ల మీద కూడా ఈమధ్య అలాంటివి ఒకటీ అరా కనిపిస్తున్నాయి. అందరూ క్యాంపర్ వ్యాను అంటారు.

నేను ముందు వసారాలో ఆరేసిన బట్టలు లోపలికి తెస్తున్నాను. ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని వాన చూస్తున్నారు.

"వసంతీ, మనం ఒకపాలి ఉత్తరానికి ఎల్లొద్దాం. బెతోంగ్, హాట్‌యాయ్, ఇంకా పైకి, చియాంగ్‌మాయ్ దాకా," అన్నారు. "ముప్పయ్యేళ్లు ఆ రోడ్డు మీద రాత్రిళ్లే ఎల్లినాను. ఎనక జనం నిద్దరపోతా ఉంటారు. ముందు లైటు పడినంత మేరే సూసినాను. పగలు ఆ రోడ్డు ఎలాగుంటాదో నాకు తెల్దు."

ఆయన ఇపో నుంచి సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని బెతోంగ్ మీదుగా హాట్‌యాయ్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు నడిపేవారు. దేవన్ బండి అంటే పిల్లలు కూడా లేవకుండా నిద్రపోతారని కంపెనీలో చెప్పుకునేవారు. రిటైరై కొన్నేళ్లయింది.

"సరే," అన్నాను. ఆ రోజుల్లో నేను దేనికైనా సరే అనేదాన్ని.

మా అబ్బాయి హేమనాథ్ పోయి అప్పటికి ఏడాది దాటింది. ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని బైకు మీద ఇంటికి వస్తూ చెమోర్ దగ్గర సిగ్నల్లో ఆగాడు. వెనక వస్తున్న లారీ ఆగలేదు. లారీ నడిపినాయన మా ఆయన వయసువాడే. పోలీస్ స్టేషన్లో మా ఎదుటి బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ, బ్రేకు నొక్కాననే అనుకున్నాను, నొక్కాననే అనుకున్నాను అని మలాయ్‌లో చెబుతూనే ఉన్నాడు. నేను విన్నాను. అతని చొక్కాకి ఒక గుండీ ఊడిపోయి ఉండటం కూడా చూశాను. ఇప్పుడు నాకు కోపం రావాలి కదా అనుకున్నాను. రాలేదు. ఆ తర్వాత రావలసినవి కూడా ఏవీ రాలేదు. కర్మ అంతా దగ్గరుండి జరిపించాను. వచ్చినవాళ్లకి కాఫీ కలిపి ఇచ్చాను. ఏడాది తిథి పెట్టించాను. ఎంత గుండె నిబ్బరమో అని మావాళ్లు మెచ్చుకున్నారు. అది నిబ్బరం కాదని వాళ్లకి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. పంటి డాక్టరు సూది వేశాక చెంప మనదే గాని మనది కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉండేది.

బండి మాట వచ్చాక ఇంట్లో చప్పుడు మొదలైంది. ఆయన పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫోన్లో వీడియోలు పెట్టుకునేవారు. ఎవరో ఆస్ట్రేలియా ఆయన, ఎవరో థాయ్‌లాండ్ జంట, వాళ్ల వ్యాన్లు, వాటి ఇంజన్లు. పెట్రోలు మంచిదా, డీజిలు మంచిదా అని వాళ్లందరూ కొట్టుకునేవారు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. మంచిదే అనిపించేది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ మేం మాట్లాడుకోనక్కర్లేదు.

* * *

క్వాలా కంగ్సార్ వెళ్లే రోడ్డులో కాళిముత్తు షెడ్డు ఉంది. ఒకప్పుడు మా ఆయన బస్సు కంపెనీలోనే మెకానిక్కు. ఇప్పుడు పాత వ్యాన్లు కొని, సీట్లు పీకేసి, లోపల మంచాలూ బీరువాలూ కట్టి అమ్ముతాడు. మాతో తమిళంలోనే మాట్లాడతాడు, మేమూ అందులోనే జవాబిస్తాం.

రేకుల కింద రెండు వ్యాన్లు పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. ఒకే కంపెనీవి, ఒకే కొలతవి. తెల్లది డీజిలు, బూడిదరంగుది పెట్రోలు. వాన రేకుల మీద గట్టిగా పడుతోంది కాబట్టి కాళిముత్తు అరిచినట్టే మాట్లాడాడు. మంచం, నీళ్ల ట్యాంకు, పొయ్యి, బట్టలు అన్నీ వేసుకుని కొండ ఎక్కాలంటే డీజిలుకే లాగే బలం ఉందన్నాడు. ఒకసారి నింపితే చాలా దూరం పోతుంది. సరిహద్దు దాటాక ఏ చిన్న బంకులోనైనా దొరుకుతుంది. కాకపోతే ఇక్కడ సర్కారు సబ్సిడీ తీసేశాక మునుపటి చవక లేదు. పైగా అది పాత బండి. ఇంజనుకి పెద్ద రిపేరొస్తే ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో చేయలేరు. గేర్లు కూడా చేత్తో మార్చుకోవాలి. పెట్రోలు బండి అయితే ఆటో గేరు, చప్పుడుండదు, ఏ మెకానిక్కైనా చూస్తాడు. కొండల్లో మాత్రం బాగా తాగుతుంది.

"అణ్ణే, ఇంజను చూసి తేల్చుకోకండి, మీ పద్ధతి చూసి తేల్చుకోండి," అన్నాడు చివరికి. "రోజంతా ఆగకుండా నడిపేవాళ్లయితే డీజిలు. మధ్యాహ్నానికి ఆపేసి టీ తాగేవాళ్లయితే పెట్రోలు."

మా ఆయన తెల్ల వ్యాను ఎక్కి తాళం తిప్పారు. బండి మొత్తం ఒకసారి కదిలి, ఆ తర్వాత సన్నగా వణుకుతూ నిలబడింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆ వణుకు సీటులోంచి నడుముకి, అక్కడ్నుంచి పళ్లకి వచ్చింది. ఆయన కళ్లు మూసుకున్నారు. అరచెయ్యి స్టీరింగు మీద ఆనించి, జ్వరం చూసినట్టు చూశారు. ఏడాదిగా ఆ ముఖంలో నేను చూడనిది ఏదో అప్పుడు కనిపించింది.

"ఇది మాటాడతాది," అని, రోడ్డు మీదికి తీసి ఒక చుట్టు తిప్పి తెచ్చారు.

* * *

దీపావళికి మా అమ్మాయి తనూష కౌలాలంపూర్ నుంచి వచ్చింది. పండగ చేసుకోవడానికి కాదు, మేం ఇద్దరమే ఉంటామని. వచ్చిన గంటలోపే తండ్రితో వాదనకి దిగింది. తను ఇంటర్నెట్‌లో అంతా చదివి వచ్చింది.

"డీజిల్ ఎందుకు లా, నానా? పొగ, వాసన, రేటు కూడా పెరిగిపోయింది. అమ్మకి తలనొప్పి వస్తుంది," అంది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని, ఇక్కడి పిల్లలందరిలా మాట చివర 'లా' తగిలిస్తుంది, నాలుగు మాటల తర్వాత ఇంగ్లీషులోకి పోతుంది. మా ఆయన తెలుగులో, అది ఇంగ్లీషులో, మధ్యలో ఇద్దరూ తమిళంలో, మధ్యాహ్నం దాకా ఇంజన్ల గురించి మాట్లాడుకున్నారు. ఆయన లోడు గురించి చెప్పారు, కొండల గురించి చెప్పారు. అది నిశ్శబ్దం గురించి చెప్పింది. మీరేమైనా సరుకు మోస్తున్నారా, ఇద్దరు ముసలాళ్లు, రెండు పరుపులు, దానికి అంత ఇంజను ఎందుకు అంది. పెట్రోలు బండి ఒక్కసారైనా నడిపి చూడకుండా తేల్చుకోవద్దని మాట తీసుకుంది.

తర్వాత వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది. నేను బెండకాయలు కోస్తున్నాను.

"అమ్మా, నిజంగా వెళ్తున్నారా?"

"నానకి ఎల్లాలని ఉంది గదా."

"నీకు?"

నేను ఇంకో బెండకాయ తీసుకున్నాను.

"పోనీ, నీకు ఏది కావాలి? పెట్రోలా, డీజిలా?"

"ఏదైనా ఒకటేనే."

తనూష నా చేతిలో కత్తి వైపు చూసి, తర్వాత నా ముఖం వైపు చూసింది. "నీకు అన్నీ ఏదైనా ఒకటే అయిపోయింది," అంది. కోపంగా అనలేదు. ఆ మాట అని ముందు గదిలోకి వెళ్లి తండ్రి పక్కన కూర్చుని తను కూడా ఆ వీడియో చూడటం మొదలుపెట్టింది. నేను మిగిలిన బెండకాయలు కోశాను.

* * *

తనూషకి ఇచ్చిన మాట ప్రకారం ఒక ఉదయం బూడిదరంగు వ్యాను చూడటానికి వెళ్లాం. సన్నగా తుంపర పడుతోంది. ఆయన తాళం తిప్పారు. ఏమీ వినపడలేదు. స్టార్టయిందా లేదా అని నన్ను అడిగారు. స్టీరింగు వెనక లైట్లు వెలిగాయి కాబట్టి అయిందన్నాను.

బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. గేటు దగ్గర నిలబడ్డ కాళిముత్తు పక్కకి తప్పుకున్నాడు. మా ఆయన నవ్వి, కొత్త బండి కదా అన్నారు. కాళిముత్తు కూడా నవ్వాడు. అది కొత్త బండి కాదు.

లింతాంగ్ రోడ్డు మీద కొంతదూరం వెళ్లాం. రోడ్డు ఖాళీగా ఉంది. రెండు పక్కలా పామాయిలు చెట్లు తడిసి నల్లగా ఉన్నాయి. నాకు ఏదో తేడాగా అనిపించింది. అది ఏమిటో తెలియడానికి కాస్త సేపు పట్టింది. ఆయన కిందికి చూస్తున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా, ముందు ఏదైనా వాహనం కనిపించినప్పుడల్లా, ఒక్క క్షణం తల వంచి తన పాదాల వైపు చూసుకుని అప్పుడు రోడ్డు వైపు చూస్తున్నారు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపిన మనిషి పాదాలు చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఒక అడ్డరోడ్డు దగ్గర ఆగాలి. ఆయన కాలు ఎత్తడం, పెట్టడం నేను చూశాను. బండి ఆగలేదు. మెల్లగానే, కాని ఆగకుండా, తెల్లగీత దాటి రోడ్డు మధ్యదాకా వెళ్లి అప్పుడు ఆగింది. వానకోటు వేసుకుని బైకు మీద వస్తున్న ఒక మలాయ్ ఆవిడ గట్టిగా బ్రేకు వేసి మా ముందు నిలిచిపోయింది. ఆవిడ మా అద్దంలోకి చూసింది. మమ్మల్ని చుట్టి వెళ్లిపోయింది.

"బ్రేకు గట్టిగా ఉంది దీనికి," అన్నారు ఆయన.

షెడ్డుకి తిరిగి వచ్చాక పెట్రోలు వద్దు, తెల్ల బండే తీసుకుంటామని కాళిముత్తుకి చెప్పేశారు.

మా చిన్నకారులో ఇంటికి వచ్చాం. వసారా ముందు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆయన కారు దిగి, గొడుగు లేకుండానే గబగబా లోపలికి వెళ్లారు. నేను వెనక సీట్లోంచి కూరగాయల సంచి తీసుకుని దిగేసరికి కారు పక్కన నీళ్లలో ఆయన కుడికాలి చెప్పు ఒక్కటే ఉంది. అది తీసుకుని వెళ్లాను. ఆయన వసారా అంతా ఒంటి చెప్పుతో నడిచి, గుమ్మం దగ్గర తుండుతో తల తుడుచుకుంటున్నారు. కుడిపాదానికి బురద, గడ్డిపరక అంటుకుని ఉన్నాయి. నా చేతిలో చెప్పు చూసి అప్పుడు కిందికి చూసుకున్నారు.

"ఓ," అన్నారు.

* * *

ఆయనకి షుగరు చాలా ఏళ్లుగా ఉంది. సర్కారు క్లినిక్కులో నర్సు ఏడాదికోసారి సన్నటి నైలాను దారం పెట్టి పాదాలు తాకి చూస్తుంది. కళ్లు మూసుకోండి, ఎక్కడ తాకానో చెప్పండి అంటుంది. హేమనాథ్ పోయాక ఆయన ఆ క్లినిక్కుకి వెళ్లడం మానేశారు. మాత్రలు మాత్రం తెచ్చుకునేవారు. నేనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన సోఫాలో పడుకుని ఫోను ముఖం ముందు పెట్టుకున్నారు. వీడియోలో ఎవరో డీజిలు ఇంజను విప్పి చూపిస్తున్నాడు. మడమలు పగిలాయి, కొబ్బరినూనె రాస్తానని చెప్పి నేను సోఫా చివర కూర్చుని ఆయన కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాను. నూనె రాశాను. కుడి బొటనవేలు గట్టిగా నొక్కాను. ఆయన చూస్తూనే ఉన్నారు. వేలి కింద మెత్తటి చోట గోరు దించాను. నాకే నొప్పి అనిపించేంత దించాను. ఆయన వీడియో కొంచెం వెనక్కి జరిపి మళ్లీ చూశారు. ఎడమపాదం కూడా చూశాను. అది కాస్త నయం.

తర్వాత రెండు చేతులూ తీసేసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇప్పుడు ఏ కాలు పట్టుకున్నాను?" అని అడిగాను.

"కుడిది," అన్నారు ఫోను మీద నుంచి కళ్లు తిప్పకుండా.

కాస్త ఆగి ఆయన ఫోను పక్కకి తీసి చూశారు. నా చేతులు చూశారు. ఫోను బోర్లా ఛాతీ మీద పెట్టుకున్నారు. వీడియోలో మనిషి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"తెల్దు. బస్సు మానినాక మొదలైంది. ముందు బొటనేలు. తరవాత ముందుపాదం అంతా."

"మరి ఆ తెల్ల బండిలో బాగానే నడిపినారు."

"డీజిలైతే సీటు సెప్తాది వసంతీ. ఎంత నొక్కినానో చెవికి తెలిసిపోతాది. ఒంటికి తెలిసిపోతాది. ఆ పెట్రోలు బండిలో ఏటీ ఇనపడదు. కాలు ఎక్కడుందో సూసుకోవాల."

ఇన్నాళ్ల వాదనా అందుకేనని నాకు అప్పుడు అర్థమైంది. లోడు కాదు, కొండలు కాదు, సరిహద్దు అవతల బంకులు కాదు.

"బ్రేకుకి చప్పుడు ఉంటాదా?" అని అడిగాను.

ఆయన పైకప్పు వైపు చూశారు.

"ఉండదు," అన్నారు. "దానికి మాత్రం... నొక్కినాననే అనుకుంటాను."

ఆ మాట బయటికి వచ్చాక ఆయనకి వినిపించింది. నాకూ వినిపించింది. ఇద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. వీడియో అయిపోయి ఏదో ప్రకటన మొదలైంది. ఆయన లేచి కూర్చుని దాన్ని ఆపేశారు. జేబులోంచి మా చిన్నకారు తాళం తీసి, బల్ల మీద నూనె గిన్నె పక్కన పెట్టారు.

"చేతులు కడుక్కో. నూనెగా ఉన్నాయి," అన్నారు.

నేను వెళ్లి చేతులు కడుక్కున్నాను. ఇన్నాళ్లూ ఆయన అదే కాలుతో నన్ను బజారుకి తీసుకెళ్లారని, గుడికి తీసుకెళ్లారని, చెమోర్ రోడ్డు మీదే ఎన్నోసార్లు వెళ్లొచ్చారని తలుచుకున్నాను. భయం వేయాలి. అది కూడా వేయలేదు. సబ్బు నురుగు పోయేదాకా నీళ్ల కింద చేతులు పెట్టి నిలబడ్డాను.

* * *

మర్నాడే క్లినిక్కుకి తీసుకెళ్లాను. చిన్నకారు నేనే నడిపాను. లైసెన్సు ఎప్పటి నుంచో ఉంది, బజారుకీ నేను పనిచేసిన బాలవాడికీ వెళ్లిన అలవాటు ఉంది. డాక్టరమ్మ పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టమని, ఇంకా పైకి పాకకుండా చూసుకోవచ్చని చెప్పింది. చెప్పులు వద్దు, మూసి ఉండే బూట్లు వేసుకోమంది. బండి నడపకూడదంది. ఆయన తల ఊపారు. కాళిముత్తుకి ఫోను చేసి తెల్ల బండి వేరేవాళ్లకి ఇచ్చేయమని చెప్పారు. ఎందుకో చెప్పలేదు.

ఆ తర్వాత ఇంట్లో వీడియోలు ఆగిపోయాయి. ఆయన పొద్దున్నే బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేవారు. ఎక్కడికీ వెళ్లేవారు కాదు. వాన మాత్రం రోజూ మధ్యాహ్నానికి వచ్చేది. తనూష ఫోను చేసి పెట్రోలుకి ఒప్పుకున్నారా అని అడిగితే, ఇక ఏ బండీ లేదని చెప్పాను. మంచిదే లా అంది గాని దాని గొంతు దిగిపోయింది. కాలు సంగతి చెప్పాను. ఆ వారం చివర వచ్చి తండ్రి పాదాలకి మెత్తటి మేజోళ్లు ఇచ్చి వెళ్లింది.

డిసెంబరులో ఒక ఉదయం కూరలకని బయలుదేరాను. బజారు దాటిపోయాను. ఎందుకు దాటిపోయానో ఇప్పటికీ చెప్పలేను. ఇంట్లో ఆ కుర్చీ, అందులో బూట్లు వేసుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చి, కారు దానంతటదే వెళ్తున్నట్టు కాళిముత్తు షెడ్డు దాకా వెళ్లింది. తెల్ల వ్యాను అమ్ముడైపోయింది. బూడిదరంగుది అక్కడే ఉంది.

ఒకసారి ఎక్కి చూడొచ్చా అని అడిగాను. కాళిముత్తు తాళం ఇచ్చి, గేటు బార్లా తీసి, తను గోడ వారకి వెళ్లి నిలబడ్డాడు. ఆటో గేరే అక్కా, పెద్ద కారు అనుకోండి చాలు అన్నాడు.

సీటు ముందుకి లాక్కున్నాను. తాళం తిప్పాను. చప్పుడు లేదు. కాలు కింద పెడలు గట్టిగా, చల్లగా తగిలింది. చెప్పులో ఉన్న పాదానికి కూడా దాని గరుకు తెలిసింది. ఎంత నొక్కితే ఎంత కదులుతుందో కాలికి వెంటనే తెలిసిపోయింది. షెడ్డు ముందున్న ఖాళీ స్థలంలో తిప్పాను. అద్దాల్లో చూసుకుంటూ వెనక్కి తెచ్చాను. ఒకసారి గోడకి మరీ దగ్గరగా పోయాను. అయినా ఆపగలిగాను.

"ఇదే," అన్నాను దిగి.

ఇంటికి వచ్చేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నారు. కూరలేవీ అన్నారు. పెట్రోలు బండి తీసుకుంటామని చెప్పొచ్చానన్నాను.

ఆయనకి అర్థం కావడానికి కాస్త పట్టింది.

"కొండ ఎక్కలేదు అది, లోడుతో."

"మెల్లగా ఎక్కుతాది."

"తాగేస్తాది వసంతీ."

"తాగనీండి."

"నడిపేది ఎవరు?"

"నేనే."

ఆయన నా వైపు తేరిపార చూశారు. బూట్ల వైపు చూసుకున్నారు. వాన మొదలైంది.

"పొట్టిదానివి. సీటు కింద దిండు ఏసుకోవాల," అన్నారు. "కుడి అద్దం కొంచెం బయటికి తిప్పుకో. లేకపోతే ఎనక టైరు కనపడదు."

* * *

ఫిబ్రవరిలో వానలు పూర్తిగా తగ్గాక బయలుదేరాం. అప్పటిదాకా పామాయిలు ఎస్టేటు రోడ్ల మీద ఆయన పక్కన కూర్చుని నాకు పెద్ద బండి మలుపు తిప్పడం నేర్పించారు. ఓపిగ్గానే నేర్పించారు. తనూష వచ్చి పరుపుల మీద కొత్త దుప్పట్లు పరిచింది. బండి కదిలేటప్పుడు నా వైపు కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి నా భుజం పట్టుకుంది, కాసేపు వదల్లేదు.

లెంగ్గొంగ్, గెరిక్, పెంగ్‌కలాన్ హులు, ఒక్కో ఊరూ దాటాం. సరిహద్దు దాటి బెతోంగ్. ఎక్కేచోట బండి నిజంగానే మెల్లగా ఎక్కింది, వెనక కార్లు వరసకట్టాయి. ఆయన ఎడమవైపు సీట్లో కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తూ వచ్చారు. ఇక్కడ ఏరు ఉందని నాకు తెల్దు అన్నారు ఒకచోట. ఈ కొండ ఇంత దగ్గరగా ఉందా అన్నారు ఇంకొకచోట. నేను ఊఁ అన్నాను.

బెతోంగ్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఆటో బండిలో కూడా దిగుడుకి చిన్న గేరు ఉంటుంది గాని, నేను బ్రేకు నొక్కుతూనే దిగుతున్నాను.

"బ్రేకు మీదే కాలుంచకు. గేరు దించు," అన్నారు.

దించాను. తర్వాతి మలుపులో ముందు లారీ ఉందని మళ్లీ బ్రేకు నొక్కాను.

"గేరు, గేరు. బ్రేకు కాలిపోతాది."

దించాను. ఇంకో మలుపు. "వసంతీ, నేను సెప్పింది ఇనపడతా ఉందా?" అన్నారు.

రోడ్డు పక్కన కాస్త వెడల్పు కనిపించింది. బండి అక్కడికి తిప్పి ఆపేశాను. ఇంజను ఆపేశాను.

"నోరు మూసుకుని కూకోండి," అని అరిచాను. "అంత తెలిస్తే మీరే నడపండి. రండి. ఇటు వచ్చి నడపండి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంత గట్టిగా నేను మాట్లాడి ఎన్నాళ్లయిందో. అనకూడని మాట అన్నానని తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు. ఆయన ముందుకే చూస్తూ కూర్చున్నారు. కింద లోయలో రబ్బరు తోటలు ఎండలో మెరుస్తున్నాయి.

కొంతసేపటికి ఆయన పెదవుల మీద ఏదో కదిలింది.

"ఆడు కూడా ఇలాగే ఆపేసినాడు," అన్నారు.

"ఎవరు?" అన్నాను, తెలిసే.

"హేమ."

ఆ పేరు మా ఇద్దరి మధ్యా ఒకరి నోటి నుంచి ఒకరం విని ఏడాదిన్నర అయింది.

"ఎప్పుడు?"

"లైసెన్సు తీసిన కొత్తల్లో. కెమెరన్ కొండ దిగతా ఉన్నాం, నేనూ ఆడూ. నేను ఇలాగే గేరు, గేరు అన్నాను. కారు ఆపేసి, తాళం నా ఒళ్లో పారేసి, దిగి నడుసుకుంటా ఎల్లిపోనాడు."

"నాకు ఎప్పుడూ సెప్పలేదే."

"ఆడే వొద్దన్నాడు. అమ్మ నవ్వుతాది అన్నాడు."

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన ఇంకా లోయ వైపే చూస్తున్నారు.

"తరవాత?"

"తరవాత ఏటి? ఆడు ముందు నడుస్తా ఉన్నాడు. నేను ఎనకాల కారు మెల్లగా తోలతా ఉన్నాను. ఎక్కమంటే ఎక్కడు. ఎనక జనం హారన్లు కొడతా ఉన్నారు. సానా దూరం అలాగే నడిసినాడు. ఒకకాడ రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టి అమ్ముతా ఉన్నారు. అక్కడ ఆగినాడు. రెండు కొన్నాడు. ఒకటి నాకిచ్చి, కారెక్కి కూకున్నాడు."

నేను ఏడ్చాను. స్టీరింగు మీద తల ఆనించి, ఎవరైనా వింటారేమోనని చూసుకోకుండా ఏడ్చాను. ఆయన ఆపమనలేదు. చెయ్యి కూడా వేయలేదు. పక్కనే కూర్చున్నారు, అంతే. పక్కనుంచి లారీలు పోతూ ఉంటే బండి కొంచెం కొంచెం ఊగుతోంది.

ఏడుపు తగ్గాక ముఖం తుడుచుకుని తాళం తిప్పాను. అద్దంలో వెనక ఎవరూ లేరని చూసుకుని, గేరు దించి, మెల్లగా కొండ దిగాను.